సౌప్తికము తరువాత స్త్రీపర్వము: నేరకథలపై లోకమునకు గల ఆసక్తిని గూర్చి

నేరమును లోకము ద్వేషించును. నేరకథను మాత్రము చెవి యొగ్గి వినును. ఈ రెండును ఒకే హృదయమునందు ఎట్లు పొసగుచున్నవి? పొరుగు వీథిలో హత్య జరిగినదని వినినంతనే తలుపులు బిగించుకొను గృహస్థుడే, మరునాడు దినపత్రిక చేతికి రాగానే మొదట ఆ వార్తనే వెదకును. చంపినవాడెవడో తెలియును, ఎట్లు చంపెనో తెలియును. అయినను అతనికి తృప్తి కలుగదు. "ఇంతకును ఎందుకు చంపినాడు?" అని ఇంటిలోని వారిని, వీథిలోని వారిని అడుగుచునే యుండును. ఈ "ఎందుకు" అను ప్రశ్నయే నా వ్యాసమునకు విషయము. నేరస్థుని మనోగతమును తెలిసికొనవలెనను కోరిక ఎక్కడ పుట్టుచున్నది? మన పూర్వకవులు దాని నెట్లు తీర్చిరి? నేటి నేరకథలు దాని నెట్లు తీర్చుచున్నవి? ఉదాహరణములకై దూరదేశములకు పోనక్కరలేదు. ధర్మపురి సీమయే ఇందుకు చాలినన్ని సాక్ష్యములను సమకూర్చినది.

మన ఆలంకారికులు ఇట్టి ప్రశ్నను మరియొక రూపమున ఎదుర్కొనిరి. లోకమున భయమును, దుఃఖమును కలిగించు విషయము కావ్యమున ఆనందము నెట్లు కలిగించునని వారు విచారించిరి. సాధారణీకరణమని అభినవగుప్తుడు మొదలైనవారు సమాధానము చెప్పిరి. రంగస్థలముపై కనబడు భయము నాది కాదు, నా శత్రువుది కాదు, ఫలానా ఊరి ఫలానావానిది కాదు. ఆ హద్దులు తొలగిపోవుటచే అది ఆస్వాద్యమగుచున్నది. గ్రీకు దేశమున అరిస్టాటిల్ విషాదాంత నాటకము జాలిని, భయమును రేకెత్తించి మనస్సును తేలికపరచుననెను. ఆంగ్ల రచయిత డిక్విన్సీ 1827లో హత్యను లలితకళగా పరిగణించుచు వ్యంగ్యవ్యాసమొకటి వ్రాసి, హత్యావార్తలను రుచి చూచి చదువు పాఠకుల నెగతాళి చేసెను.

ఈ సమాధానములు కల్పితకథలకు సరిపోవును. జరిగిన నేరము విషయమున అవి పూర్తిగా చాలవు. అక్కడ హతునికి పేరున్నది, ఊరున్నది, ఏడ్చుచున్న తల్లి యున్నది. హద్దులు తొలగుటకు వీలు లేదు. అయినను జనులు వినుచున్నారు. కనుక ఈ ఆసక్తికి మూలము రసాస్వాదమునకు క్రిందనే, అంతకంటె ప్రాతదైన మరియొక పొరలో ఉండవలెను. అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞులు అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనువారు 2010లో ప్రకటించిన పరిశోధన ఇచట స్మరింపదగినది. జరిగిన హత్యల కథలను చదువుటయందు పురుషులకంటె స్త్రీలకే ఆసక్తి అధికమని వారు కనుగొనిరి. అందును హంతకుని మనస్సును వివరించు పుస్తకములను, అపాయము నుండి తప్పించుకొను ఉపాయమున్న పుస్తకములను స్త్రీలు ఎక్కువగా కోరిరట. అపాయము ఎవరికి ఎక్కువగా తోచునో వారికే ఆ కథపై ఆసక్తి ఎక్కువ. పులి తిరుగు చోటును ఊరివారందరును చెప్పుకొనుట వంటిదే ఇది. ఇందు వికారమేమియు లేదు. నేరకథలు చదువువారిని దుష్టబుద్ధులని నిందించుట తొందరపాటు.

న్యాయశాస్త్రము ఉద్దేశమును, ప్రేరణను వేరుచేసి చూచును. చంపవలెనని తలచి చంపెనా, పొరపాటున చంపెనా అనునది ఉద్దేశమునకు సంబంధించినది. ఆ తలపు ఆస్తి కొరకు పుట్టెనా, అసూయచే పుట్టెనా, పగచే పుట్టెనా అనునది ప్రేరణకు సంబంధించినది. 1872 నాటి సాక్ష్య చట్టము తన ఎనిమిదవ సెక్షనులో ప్రేరణను విచారణకు పనికివచ్చు విషయముగా అంగీకరించినది. 2024 జులై నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ మార్గమునే అనుసరించినది. అయినను ప్రత్యక్షసాక్ష్యము బలముగా ఉన్నచో ప్రేరణ రుజువు కాకున్నను శిక్ష పడవచ్చును. న్యాయాధిపతి ప్రేరణ తెలియకయే తీర్పు చెప్పగలడు. కథకుడు మాత్రము ప్రేరణ లేక ఒక్క పుటయైన నడపలేడు.

కథకు ప్రేరణ ఇంత ముఖ్యమగుటకు రెండు కారణములు తోచుచున్నవి. హేతువు తెలిసినచో మనము హద్దు గీచుకొనగలము. "వాడు పొలము తగాదాలో చంపినాడు, నాకు పొలము తగాదా లేదు" అని ఊరడిల్లగలము. ఇది మొదటిది. అతని స్థితి మనకే వచ్చినచో మనమేమి చేసియుందుమని మనస్సు లోలోపల ప్రశ్నించుకొనును. ఇది రెండవది. మొదటిది రక్షణ, రెండవది ఆత్మపరీక్ష. తక్కువరకపు నేరకథ మొదటిదానిని మాత్రమే తృప్తిపరచును. ఉత్తమసాహిత్యము రెండవదానివైపు నడిపించును.

ఇక మన పూర్వకవుల మార్గమును చూతము. నిద్రించుచున్నవారిని చంపుట భారతమంతటిలోను ఘోరమైన నేరము. సౌప్తికపర్వమున ఆ పని చేసినవాడు అశ్వత్థామ. అతనికి ప్రేరణ లేదనరాదు. తండ్రిని అసత్యముచే ఆయుధము విడిపించి వధించిరి. ప్రభువు తొడ విరిగి నేలబడియున్నాడు. మఱ్ఱిచెట్టు క్రింద నిద్రపట్టక కూర్చున్న అశ్వత్థామ, గుడ్లగూబ ఒకటి నిద్రించు కాకులను చంపుట చూచెను. ఆ దృశ్యమే అతనికి ఉపాయమైనది. కృపాచార్యుడు వారించెను, అతడు వినలేదు. ప్రేరణ ఎట్లు పుట్టి, ఎట్లు ముదిరి, ఏ మాటను త్రోసిపుచ్చి కార్యరూపము దాల్చెనో ఇంత సన్నిహితముగా చూపిన ఘట్టములు అరుదు. తిక్కన తెలుగు చేసిన ఈ పర్వమును చదువు పాఠకుడు ఒక్క క్షణమైన అశ్వత్థామ మనస్సులో నిలువక తప్పదు.

అయితే భారతకథ అచట ఆగలేదు. అదే పర్వమున ద్రౌపది పుత్రశోకముతో ప్రాయోపవేశమునకు కూర్చుండెను. అశ్వత్థామ శిరోమణిని కోల్పోయెను. తరువాత వచ్చునది స్త్రీపర్వము. కురుక్షేత్రమున పడియున్నవారిని ఒక్కొక్కరినే గుర్తుపట్టి ఏడ్చు స్త్రీల పర్వమది. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న గాంధారి, ఐదుగురు కొడుకులను పోగొట్టుకొన్న ద్రౌపదిని ఓదార్చును. తన కొడుకుల కొరకే కాక శత్రుపక్షపు అభిమన్యుని కొరకును విలపించును. హంతకుని మనస్సునకు ఒక పర్వము కేటాయించిన కవి, హతుల వారికిని ఒక పర్వము కేటాయించెను. నేరకథకు ఇంతకంటె మంచి ప్రమాణమును నేనెరుగను.

ఇతర కావ్యములయందును ఈ న్యాయమే కనబడును. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేయుచు, ఆ కన్నము ఏ ఆకారమున నుండవలెనో శిల్పివలె ఆలోచించును. కొలతకు జందెమును వాడును. అతడు ప్రేమించిన మదనికను దాస్యము నుండి విడిపించుటయే అతని ప్రేరణ. ప్రేక్షకుడు నవ్వును, అతనిపై జాలిపడును. కాని కవి ప్రేక్షకుని దొంగ వెంట పోనీయక, కన్నము పడిన ఇంటిలోనే మరికొంతసేపు నిలుపును. దాచుమని ఇచ్చిన నగలు పోయినవని చారుదత్తుడు సిగ్గుతో కుంగుట, అతని భార్య ధూత తన రత్నహారమును తీసి యిచ్చుట మనము చూతుము. దొంగతనమనగా ఏమియో అప్పుడు గాని మనకు పూర్తిగా తెలియదు.

తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యములోని నిగమశర్మ కథ తెలుగువారందరికిని తెలిసినదే. విద్వాంసుల ఇంట పుట్టి దుర్వ్యసనముల పాలైన నిగమశర్మను అక్క బుద్ధులు చెప్పి ఇంటికి త్రిప్పుకొనును. మారినట్లు నటించిన తమ్ముడు ఒక రాత్రి ఇంటిలోని నగలన్నియు మూటగట్టుకొని పోవును. తెల్లవారిన పిమ్మట అక్క తన ముక్కర పోయినదని ఏడ్చును. ఆ అక్కకు కవి పేరైనను పెట్టలేదు. అయినను చదివినవారి మనస్సులో నేరము చేసిన తమ్మునికంటె, పేరు లేని ఆ అక్కయే గట్టిగా నిలిచినది. నష్టపోయినవారిని కథలోనికి తెచ్చినచో రక్తి చెడునని కొందరందురు. ఆ మాటకు నాలుగువందల యేండ్లుగా నిగమశర్మ అక్క సమాధానము చెప్పుచునే యున్నది.

ఆధునికకాలమున గురజాడ అప్పారావు గారు ఈ దృష్టిని మరియొక మెట్టు పైకి తీసికొనిపోయిరి. కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో పెంపొందిన రూపము తాల్చెను. ఆ నాటకపు చివరి భాగమున లుబ్ధావధానులపై భార్యాహత్యానేరము వచ్చి పడును. ఆ భార్య ఆడువేషమున వచ్చిన బాలుడని ప్రేక్షకునికి మాత్రము తెలియును. జరుగని హత్యకై పోలీసులు, వకీళ్ళు, సాక్షులు ఎంత ఆర్భాటమైన చేయుదురు. పసిపిల్లలను ముసలివారికి అమ్ముట మాత్రము ఏ పోలీసునకును నేరముగా తోచదు. నేరమని ఊరు కేకలు వేయుచోట నేరము లేదు. ఊరు తాంబూలము పుచ్చుకొన్నచోట నేరమున్నది. లోకము నేరకథ యందు ఏది చూచును, ఏది చూడదు అను ప్రశ్నను తెలుగున ఇంత నిశితముగా వేసిన రచన మరియొకటి లేదు.

తరువాతి కాలమున కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెలుగు దేశమంతట పాఠకులను సంపాదించెను. అవి చిక్కుముడి విప్పు కథలు. చదువుట అలవాటు చేసిన మేలు వానికి కలదు. వానిని తేలికగా చూచుట నాకు సమ్మతము కాదు. కాని అచట హతుడు కథకు నిమిత్తమాత్రుడు; మొదటి ప్రకరణమున మరణించి మరల కనబడడు. అందుకు భిన్నముగా విశాఖపట్టణపు న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ఆరు సారా కథలలో, పట్టుబడిన చిన్నవాని వెనుక పట్టుబడని పెద్దవానిని చూపిరి. ప్రేరణ ఒక్కని గుండెలోనే యుండదనియు, అంగడిలోను, చట్టములోను, ఠాణాలోను పంచబడియుండుననియు ఆ కథలు చదివినవారికి తెలియును.

ఈ ప్రమాణములను చేతబట్టుకొని మన సీమలోని కథను పరిశీలింతము. కావేరికి ఇరుప్రక్కలనున్న అడవులలో కూసె మునిసామి వీరప్పన్ అనువాడు ఏనుగు దంతములకై, శ్రీగంధమునకై ఇంచుమించు ముప్పదియేండ్లు సంచరించెను. అతడు 1952లో గోపీనాథమను గ్రామమున జన్మించెను. నూటికి పైగా హత్యలు అతనిపై ఆరోపింపబడెను. 1993 ఏప్రిల్ 9న పాలారు వద్ద అతని ముఠా పెట్టిన మందుపాతరకు 22 మంది బలియైరి. 2000 జులై 30న కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను ఎత్తుకొనిపోయి 108 దినములు అడవిలో నుంచుకొనెను. శ్రీకాళహస్తి మాహాత్మ్య చిత్రమున కన్నప్పగా తెలుగువారికిని కనబడిన నటుడాయన. తుదకు 2004 అక్టోబరు 18 రాత్రి మన జిల్లాలోని పాప్పారపట్టి సమీపమున, విజయకుమార్ గారి నాయకత్వమున నున్న తమిళనాడు ప్రత్యేక దళమువారి కాల్పులలో వీరప్పన్ ముగ్గురు అనుచరులతో మరణించెను. స్వాతంత్ర్యయోధుడు సుబ్రహ్మణ్య శివ 1925లో కన్నుమూసిన ఊరు పాప్పారపట్టియే. నేడు బయటివారికి ఆ ఊరి పేరు చెప్పినచో ఏ మరణము జ్ఞప్తికి వచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు.

అటుపిమ్మట కథలు పుట్టెను, పుట్టుచునే యున్నవి. కన్నడమున, తమిళమున 2013లో ఏ.ఎం.ఆర్. రమేష్ గారు చిత్రము తీసిరి. మన తెలుగు దర్శకుడు రాంగోపాల్ వర్మ గారు 2016లో కిల్లింగ్ వీరప్పన్ తీసిరి. విజయకుమార్ గారు 2017లో తమ అనుభవములను ఆంగ్లమున గ్రంథముగా వెలువరించిరి. 2023లో రెండు వార్తాచిత్ర ధారావాహికలు వచ్చెను. అందొకటి వీరప్పన్ స్వయముగా పలికిన మాటల దృశ్యముద్రణములపై నిర్మితమైనది. ఈ కథనములన్నిటిని నడిపించు ప్రశ్న ఒక్కటే: అతడు అట్లెందుకాయెను? పేదరికమని ఒకరు, తన వారి మరణములకు ప్రతీకారమని ఒకరు, ధనలోభమని ఒకరు, చివరి కాలమున పలికిన తమిళాభిమానమని మరియొకరు చెప్పుదురు. ఎవరికి కావలసిన ప్రేరణను వారు ఏరుకొనుచున్నారు. నేరస్థుని ముఖమున లోకము తన ముఖమునే వెదకుకొనుచున్నట్లున్నది.

ఈ కథలో మరియొక మనుష్యుడున్నారు. ఆయన తెలుగువారు. పందిళ్ళపల్లి శ్రీనివాస్ గారు 1954లో రాజమహేంద్రవరమున జన్మించి, భారతీయ అటవీ సర్వీసున చేరి కర్ణాటకమున పనిచేసిరి. వీరప్పన్‌ను పట్టుటకు తుపాకులు చాలవనియు, అతని ఊరివారి బ్రతుకులు మారవలెననియు ఆయన భావించిరి. వీరప్పన్ పుట్టిన గోపీనాథముననే నివాసమేర్పరచుకొని, వైద్యసదుపాయమును, త్రాగునీటిని సమకూర్చిరి. గ్రామస్థులకు మారియమ్మ గుడి కట్టించి యిచ్చిరి. లొంగిపోయెదనని వీరప్పన్ కబురంపగా నమ్మి, ఆయుధము లేక పోయిరి. 1991 నవంబరు 10న వీరప్పన్ ఆయనను చంపి తల నరికెను. అప్పటికి ఆయన వయస్సు 37 సంవత్సరములు. మరుసటి సంవత్సరము భారత ప్రభుత్వము ఆయనకు మరణానంతరము కీర్తిచక్రము నిచ్చెను. ఆయన కట్టించిన గుడి గల ఊరివారు నేటికిని ఆయనను పూజ్యభావముతో తలచుచున్నారు.

మా పాఠశాలలో తెలుగు చదువుకొను పిల్లలను వీరప్పన్ మీసమెట్లుండునని అడిగితిని. అందరును రెండు చేతులతోను గీచి చూపిరి. వారిలో ఒక్కరును అతడు బ్రతికియుండగా పుట్టినవారు కారు. శ్రీనివాస్ అనువారెవరని అడిగితిని. ఎవ్వరును చేయి ఎత్తలేదు. ఇందు పిల్లల దోషము లేదు. పెద్దలమైన మనము వారికి సౌప్తికమును చెప్పితిమి, స్త్రీపర్వమును చెప్పలేదు.

విమర్శకుడు గమనింపవలసిన విశేషము ఇచటనే యున్నది. వీరప్పన్ ఎందుకు చంపెనని వేయిమంది అడిగిరి. నెల జీతము తెచ్చుకొను ఒక అధికారి, తనకేమియు కాని ఊరిలో, తనను చంపగలవాని బంధువుల నడుమ గుడి ఎందుకు కట్టించెనని ఎందరడిగిరి? చెడుగునకు ప్రేరణ వెదకుచున్నాము. మంచితనము దానంతట అదే పుట్టునట్లు దానిని ప్రశ్నింపకయే విడుచుచున్నాము. నిజమునకు రెండింటిలో మర్మమైనది రెండవదే. లోభము, పగ, భయము ప్రతి మనుష్యునికిని కొలదియో గొప్పయో పరిచితములే. ఆయుధము లేక ఆ అడవిలోనికి నడచిన మనస్సు మనకు అంత పరిచితము కాదు. ప్రేరణను శోధించు కథకునికి దానికంటె గొప్ప వస్తువు ఏది?

ఇదే జిల్లాలో, ఇదే కాలమున, ఇదే శ్రీగంధము కారణముగా జరిగిన మరియొక నేరము కలదు. హరూరు సమీపమున, చిత్తేరి కొండల దాపున వాచాత్తి అను గిరిజన గ్రామమున్నది. 1992 జూన్ 20న అటవీ, పోలీసు, రెవెన్యూ శాఖలవారు చందనపు దుంగలు దాచిరని ఆ గ్రామముపై పడిరి. గ్రామస్థులను కొట్టిరి, ఇండ్లు ధ్వంసము చేసిరి, ధాన్యమును పాడుచేసిరి. 18 మంది స్త్రీలపై అత్యాచారము జరిగెను. కేసు కేంద్ర నేరపరిశోధక సంస్థకు పోయెను. నిందితులు 269 మంది. విచారణ ముగియునప్పటికి వారిలో 54 మంది మరణించిరి. మిగిలిన 215 మందియు, అనగా అటవీశాఖవారు 126, పోలీసులు 84, రెవెన్యూవారు 5 మంది, దోషులని 2011 సెప్టెంబరు 29న ధర్మపురి న్యాయస్థానము తీర్పు చెప్పెను. సరిగా పండ్రెండేండ్లకు, 2023 సెప్టెంబరు 29న, మద్రాసు ఉన్నతన్యాయస్థానము అప్పీళ్ళను త్రోసిపుచ్చి, ఆ స్త్రీలకు ఒక్కొక్కరికి పది లక్షల రూపాయల పరిహారమును ఆదేశించెను.

నిందితులుగా నిలిచిన వారందరిలో బ్రతికియున్నవారెల్లరును దోషులైన ఈ కేసు భారతదేశ న్యాయచరిత్రలో అరుదైనది. వీరప్పన్ కథ తెలిసిన వారిలో ఎందరికి ఈ కథ తెలియును? చలనచిత్రములు, గ్రంథములు, ధారావాహికలు దీనికై అంతగా పోటీపడలేదు. కారణములు ఆలోచింపదగినవి. మొదటిది, ఈ నేరమునకు ముఖము లేదు. మీసమున్న ఒక్కని బొమ్మను గోడపై అంటింపవచ్చును. 269 మంది బొమ్మ గీయుట యెట్లు? రెండవది, ఇచట ప్రేరణ ఒక్క గుండెలో లేదు. ఉత్తరువులో కొంత, గుంపులో కొంత, గిరిజనుడు ఎదురు చెప్పలేడను ధీమాలో కొంత ఉన్నది. మూడవదే ముఖ్యము. నేరకథ వినునప్పుడు మనము గీచుకొను హద్దు ఇచట నిలువదు. అడవిలోని దొంగ మనవాడు కాడు. ఆఫీసునకు పోయి, సంతకము పెట్టి, సాయంకాలము ఇంటికి వచ్చి పిల్లల చదువు చూచుకొను ఉద్యోగి మన బంధువే కావచ్చును. ఈ కథలో ఆత్మపరీక్ష తప్ప మరియొక మార్గము లేదు. కనుకనే చెవులు మూసికొనుచున్నాము.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. నేరస్థుని ప్రేరణను వివరించుటయే అతనిని సమర్థించుట కాదా యని. కాదు. తిక్కన భారతమున అశ్వత్థామ కోపమునకు కారణము దాచబడలేదు. నిద్రించు బాలురను చంపిన పాపమును తగ్గించి చెప్పుటయు లేదు. కారణము తెలియుట వేరు, క్షమార్హమగుట వేరు. వీరప్పన్ పేరిట సాగిన వేటలో ప్రత్యేక దళములవారు గ్రామస్థులను హింసించిరను ఆరోపణలపై జాతీయ మానవహక్కుల సంఘమువారు జస్టిస్ సదాశివ గారి అధ్యక్షతన విచారణ జరిపించి, బాధితులకు పరిహారము నిప్పించిరి. ఆ విషయమును చెప్పుట వీరప్పన్‌ను పొగడుట కాదు. శ్రీనివాస్ గారి త్యాగమును చెప్పుట వాచాత్తిలో అటవీశాఖవారు చేసినదానిని కప్పుట కాదు. ఒకే శాఖలో శ్రీనివాస్ గారును ఉండిరి, ఆ 126 మందియు ఉండిరి. చందనపు చెట్టు ఒక్కటే, అడవి ఒక్కటే, శాఖ ఒక్కటే. మనుష్యులు ఇన్ని విధములుగా నడచుకొనిరి. "ఎందుకు" అను ప్రశ్నను వీరందరికిని వేసినప్పుడే అది ప్రశ్న. ఒక్కనికి మాత్రమే వేసినచో అది వినోదము.

కావున ఏ నేరకథ చేతికి వచ్చినను పాఠకుడు మూడు విషయములు చూడవలెనని నా మనవి. హతుని బ్రతుకు ఇందు కొంతయైన ఉన్నదా, లేక మరణము మాత్రమే యున్నదా? చెప్పిన ప్రేరణ ఒక్కని స్వభావముతో ముగిసినదా, లేక అతని వెనుకనున్న అంగడిని, అధికారమును కూడ తాకినదా? చదివి ముగించిన తరువాత మనము గీచుకొన్న హద్దు మరింత గట్టిపడినదా, కొంచెమైన కదలినదా? ఈ మూడింటికి నిలిచిన కథ రక్తసిక్తమైనను సత్సాహిత్యమే. నిలువనిది ఎంత నిజమైన సంఘటనపై వ్రాసినదైనను సగము నిజమే చెప్పినది.

తమిళదేశమున నివసించు తెలుగువారికి ఇందు ప్రత్యేకమైన కర్తవ్యమొకటి కలదు. శ్రీనివాస్ గారి చరిత్రను తెలుగున చిన్న పాఠముగా వ్రాసి మన పిల్లల చేతికీయవలెను. గోపీనాథము దూరము కాదు. ఆయన నెరిగిన వృద్ధులు జీవించియుండగనే పోయి, వారి నోట విని వ్రాసికొనవలెను. వాచాత్తి స్త్రీలు తమను బాధించినవారిని గుర్తుపట్టి చూపి, భయపడక ఏండ్ల తరబడి నిలిచి చెప్పిన సాక్ష్యము మన కాలపు స్త్రీపర్వము. అది ధర్మపురి కోర్టు కాగితములలో నున్నది. తెలుగున దానిని గూర్చి వ్రాయువారు ఇంకను రావలసియున్నది. మన సంఘమువారు రాబోవు సంచికలలో ఈ రెండు పనులకును తావిచ్చినచో, వీరప్పన్ మీసము గీచి చూపిన పిల్లలు గోపీనాథమున గుడి కట్టించిన తెలుగువాని పేరును, కోర్టున నిలిచి చెప్పిన వాచాత్తి స్త్రీల కథను కూడ చెప్పగలుగుదురు.